రంగూన్ మీదుగా కాకినాడ చేరిన గ్లాస్గో పళ్లెం: ఒక పరిరక్షణ కేస్ స్టడీ

ఈ కేసులోని వస్తువు ఒక పెద్ద పళ్లెం. వ్యాసం 34 సెంటీమీటర్లు, నడుమ లోతు సుమారు 5 సెంటీమీటర్లు. తెల్లని ఒంటి మీద నీలం అచ్చు: కొమ్మల మీద పక్షులు, చుట్టూ సీతాకోకచిలుకలు, పూలు. అంచున ఒక పట్టీ. పళ్లెం ఎప్పుడో రెండు ముక్కలైతే వెనకవైపు నాలుగు లోహపు కుట్లు వేసి అతికించారు. వాటిలో మూడు ఇత్తడివి, ఒకటి ఇనుముది. ఇనుప కుట్టు తుప్పు పట్టి గోధుమ రంగు మరక పారింది. అంచున ఒకచోట పెచ్చు ఊడింది. వెనక అతుకు పొడవునా ఎవరో ఎపాక్సీ జిగురు ముద్ద పూశారు. లోపలి ముఖం నిండా సన్నని పగుళ్ల వల, ఆ పగుళ్లలో పసుపు, గోధుమ రంగు మరకలు ఉన్నాయి.

తెచ్చినవారు కాకినాడ ప్రాంతపు కుటుంబం. పూర్వీకులు రంగూన్‌లో ఉండేవారని, 1930 అల్లర్ల తర్వాత తిరిగి వచ్చారని చెప్పారు. ఆ ఏడాది మే నెలలో రంగూన్ రేవులో సమ్మె చేసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువారే. వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకోవడంతో మొదలైన గొడవ నగరమంతా పాకింది. కోరంగి రేవు పేరు మీదుగా తెలుగువారిని అక్కడ ‘కోరింగీలు’ అని పిలిచేవారు. సామాను సర్దుకుని ఓడెక్కిన ఎన్నో కుటుంబాల్లో వీరిదొకటి.

ఇంటి పెద్దావిడ అడిగింది ఒక్కటే. “దీన్ని కొత్తదానిలా తెల్లగా చేసి, ఆ తీగలన్నీ పీకేయి బాబూ. పెళ్లిలో పెట్టాలి.” ఆ కోరికలో సగమే తీర్చాను. పళ్లెం ఏమిటో, ఎవరి కోసం తయారైందో తెలిశాక మిగతా సగం తీర్చడం న్యాయం కాదనిపించింది. ఆ నిర్ణయానికి ఎలా వచ్చానో చెప్పడమే ఈ కేసు రాయడంలో నా ఉద్దేశం.

గుర్తింపు

ఇంట్లో అందరూ దీన్ని చైనా పళ్లెం అనేవారు. పక్షులు, కొమ్మలు గీసిన తీరు చూస్తే అలా అనుకోవడంలో వింత లేదు. వస్తువు మాత్రం వేరే సంగతి చెబుతోంది. వెనక నుంచి టార్చి పట్టితే వెలుగు అవతలికి రాలేదు, అంటే అసలైన పోర్సిలిన్ కాదు. పెచ్చు ఊడిన చోట వేసిన నీటి బొట్టు వెంటనే ఇంకిపోయింది, అంటే గ్లేజు (పైనున్న గాజు పొర) కింద ఉన్నది సచ్ఛిద్రమైన తెల్లమట్టి. భూతద్దం కింద నీలం రంగు కుంచె గీతలా కాక సన్నని గీతలు, చుక్కల సమూహంగా కనిపించింది. అది రాగి రేకు మీద చెక్కిన బొమ్మను కాగితం ద్వారా దించిన గుర్తు. అంచు పట్టీలో ఒకచోట పువ్వు సగంలో తెగి, పక్క పువ్వు మీదికి ఎక్కింది. చేత్తో గీసినవాడు అలా గీయడు. పట్టీగా కత్తిరించిన కాగితం చుట్టూ తిరిగొచ్చి మొదటి కొనను కలుసుకున్న చోటు అది.

ఈ అచ్చుపనిని కాస్త వివరించాలి, తర్వాత చేసిన శుభ్రతంతా దీని మీదే ఆధారపడింది. చెక్కిన రాగి రేకును వేడిచేసి, నూనెలో కలిపిన లోహపు రంగును గీతల్లోకి ఎక్కించి, మిగిలింది తుడిచేస్తారు. సబ్బునీటితో తడిపిన పల్చని కాగితాన్ని దాని మీద పరిచి ఒత్తుతారు. ఆ కాగితాన్ని అమ్మాయిలు ముక్కలుగా కత్తిరిస్తే, ఆడవాళ్లు వాటిని ఒకసారి కాల్చిన గరుకు పళ్లెం మీద అంటించి, గట్టి బ్రష్షుతో రుద్దేవారు. నీళ్లలో ముంచితే కాగితం ఊడివస్తుంది, రంగు మట్టికి అంటుకుని ఉండిపోతుంది. తక్కువ వేడి మీద మళ్లీ కాల్చి నూనెను పోగొట్టి, గ్లేజులో ముంచి, చివరిసారి బట్టీలో పెడతారు. అంటే బొమ్మ గాజు పొర కిందే ఉంటుంది. పైన బంగారు గీతలు, ఎనామెల్ రంగులు ఉన్న పాత్ర అయితే ప్రతి ద్రావకానికీ భయపడాలి. ఇక్కడ ఆ భయం లేదు.

వెనక అచ్చులో ముద్ర ఉంది. కాగితం మడతపడటం వల్ల డిజైన్ పేరు ఉండాల్సిన చోట సిరా అంటలేదు. అయినా ‘జె అండ్ ఎమ్ పి బి అండ్ కో’ అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఇది గ్లాస్గోలోని జె. అండ్ ఎమ్. పి. బెల్ కంపెనీ. జాన్ బెల్, మాథ్యూ పెర్స్‌టన్ బెల్ అన్న సోదరులు 1840ల ఆరంభంలో పెట్టిన కుండల కార్ఖానా. అక్షరాల కింద డిజైన్ రిజిస్ట్రేషన్ సంఖ్య. తుప్పు కింద చివరి అంకెలు పోయినా, మొదటి అంకె 1 అని, మొత్తం ఆరు అంకెలని తెలుస్తోంది. బ్రిటన్‌లో ఈ వరుస సంఖ్యలు 1884 జనవరిలో 1తో మొదలయ్యాయి. లక్ష దాటింది 1888లో, రెండు లక్షలు దాటింది 1892 చివరిలో. కాబట్టి ఈ డిజైన్ ఆ మధ్య నమోదైంది. అయితే పళ్లెం తయారైన ఏడాది అదేనని అనకూడదు. రాగి రేకు అరిగేదాకా ఒకే డిజైన్‌ను ఏళ్ల తరబడి కొట్టేవారు. ఈ తేడా మరచిపోయి వేలంపాటల పట్టికల్లో రిజిస్ట్రేషన్ ఏడాదినే తయారీ ఏడాదిగా వేస్తూ ఉంటారు. నేను నివేదికలో ‘డిజైన్ నమోదు 1888–1892, తయారీ అప్పుడు లేదా ఆ తర్వాత’ అని రాశాను.

ఎవరి కోసం

బెల్ సోదరులు చిన్న వ్యాపారులు కారు. 1851 లండన్ మహాప్రదర్శనలో తమ సరుకు ప్రదర్శించారు. గ్లాస్గో పశ్చిమాన నార్త్ పార్క్ హౌస్ అనే భవంతి కట్టుకుని కళాఖండాలు సేకరించారు. మాథ్యూ 1869లో, జాన్ 1880లో పోయాక ఆ భవంతి ఆడపిల్లల ఉన్నతవిద్య కోసం క్వీన్ మార్గరెట్ కాలేజీ అయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడే బీబీసీ స్కాట్లండ్ కార్యాలయం నడిచింది. కార్ఖానా మాత్రం సోదరుల తర్వాత కూడా సాగింది. ఆగ్నేయాసియా కోసం ప్రత్యేకంగా గీయించిన డిజైన్లు వచ్చింది ప్రధానంగా ఈ రెండో దశలోనే.

ఆ డిజైన్లకు మలయ్ పేర్లు పెట్టారు. ‘బురోంగ్ కుపు’ అంటే పక్షీ సీతాకోకచిలుకా, ‘బువా నానాస్’ అంటే అనాసపండు, ‘ఇకాన్ చైనా’ అంటే చైనా చేప, ‘కపాల్ బసార్’ అంటే పెద్ద ఓడ. ‘పులో పినాంగ్’, ‘మకస్సార్’ వంటివి ఊళ్ల, దీవుల పేర్లు. ‘తర్లాలు బాగుస్’ అయితే ‘మహా బాగుంది’ అని డిజైనే తన గురించి తాను చెప్పుకోవడం. స్కాట్లండ్‌లో కూర్చుని జావా, సుమత్రా, మలయా బజారుల్లో కొనేవాడికి అతని భాషలోనే సరుకు పేరు చెప్పారన్నమాట. వీరికి పోటీ లేకపోలేదు. డచ్చి దేశంలోని మాస్ట్రిక్ట్ నుంచి పెట్రుస్ రెహూ కార్ఖానా సింహనారి ముద్ర వేసిన పళ్లాలను అవే రేవులకు పంపేది.

గ్లాస్గోలో తెల్లమట్టి దొరకదు. సన్నమట్టి డెవన్, డోర్సెట్‌ల నుంచి, చైనా మట్టి కార్న్‌వాల్ నుంచి సముద్రం మీద రావాలి. చెకుముకి రాయీ బయటి నుంచే. అక్కడ ఉన్నవి లానార్క్‌షర్ బొగ్గు, ఊరి ఉత్తరాన పోయే ఫోర్త్–క్లైడ్ కాలువ, క్లైడ్ నదిలో ఓడలు. రంగూన్‌కైతే గ్లాస్గో పక్క వీధి అన్నంత దగ్గర. ఆ రెండు నగరాల మధ్య ఓడలు నడిపిన హెండర్సన్ కంపెనీ గ్లాస్గోది. ఐరావతి నదిలో స్టీమర్లు నడిపిన ఫ్లోటిల్లా కంపెనీది గ్లాస్గో పెట్టుబడి. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ పుట్టిందీ స్కాట్లండ్‌లోనే. బియ్యం, టేకు అటు పోతే యంత్రాలు, బట్టలు, గడ్డిలో చుట్టిన పింగాణీ ఇటు వచ్చేవి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం ఇంకా తగ్గింది. అందువల్ల గ్లాస్గో పళ్లెం రంగూన్ మీదుగా కాకినాడకు చేరడంలో ఆశ్చర్యం లేదు.

నాకు ఈ వస్తువులో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఆకారం. విక్టోరియా కాలపు ఆంగ్లేయుల భోజనపు పళ్లెం సాధారణంగా 25 సెంటీమీటర్లు, చుట్టూ చదునైన వెడల్పాటి అంచు. కత్తి, ఫోర్కు పెట్టుకోవడానికి, ఉప్పు ఓ పక్కన వేసుకోవడానికి ఆ అంచు. ఈ పళ్లెంకు అలాంటి చదునైన అంచే లేదు. నడుమ నుంచి కొస దాకా ఒకే వంపు. అన్నం రాశిగా పోసి, చేత్తో కలిపి, నలుగురు చుట్టూ కూర్చుని తినడానికి సరిపోయే ఆకారం. గ్లాస్గో వాడి ఇంట్లో ఇలాంటి పళ్లెం పనికిరాదు. తాము ఎన్నడూ చూడని భోజనాన్ని దృష్టిలో పెట్టుకుని వాళ్లు దీన్ని చేశారు. ఎగుమతి సరుకంటే మిగిలిపోయిన నాసిరకం అన్న మాట మన దగ్గరా వినిపిస్తుంది. ఆ మాట అన్నవారికి నేను ఈ వంపు చూపిస్తాను.

వాడుక జాడలు కూడా అదే చెప్పాయి. కత్తితో తిన్న పళ్లాల్లో నడుమ గ్లేజు మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పడతాయి. వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి చూస్తే దీంట్లో ఒక్క కత్తి గీత లేదు. దానికి బదులు నడుమ చుట్టూ మెరుపు తగ్గిన వలయం ఉంది. వేళ్లు, గరిటె, తోమే పీచు కలిసి చేసిన అరుగుదల అది. పెద్దావిడను అడిగితే వెంటనే, “మా అత్తగారు దీంట్లోనే పులిహోర కలిపేవారు” అన్నారు. అప్పటికి పసుపు మరకల సంగతి కూడా తేలిపోయింది.

కుట్ల గురించి నిర్ణయం

పగిలిన పింగాణీకి లోహపు కుట్లు వేయడం ఎపాక్సీ జిగుర్లు రాకముందు లోకమంతటా ఉన్న పని. వెనక నుంచి వజ్రపు మొనతో మందంలో సగం దాకా జతగా రంధ్రాలు తొలుస్తారు. ముందువైపుకు తగలకూడదు. వాటి మధ్య దూరం కంటే కాళ్లు కొద్దిగా దగ్గరగా ఉండేలా తీగను వంచి, లాగిపట్టి దించుతారు. తీగ మళ్లీ దగ్గరకు రాబోయే బలంతో రెండు ముక్కలూ బిగుసుకుంటాయి. రంధ్రంలో కాస్త సున్నపు ముద్ద నింపుతారు. ఈ పళ్లెంలోని మూడు ఇత్తడి కుట్లు చేయి తిరిగినవాడి పని. ఇనుప కుట్టు వేరొకరిది, తర్వాతి కాలంది, రంధ్రం కూడా వంకర.

ఇత్తడి కుట్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. వాటిని తీస్తే రంధ్రాలు పూడ్చి, ముక్కలు విడదీసి, అంచులు శుభ్రం చేసి, కొత్త జిగురుతో అతికించవచ్చు. అతుకు దాదాపు కనిపించదు. పెద్దావిడ కోరింది అదే. నేను వద్దన్నాను. కొత్త పళ్లెం కొనే వీలున్న చోట కూడా డబ్బిచ్చి కుట్టించుకున్నారంటే ఆ ఇంటివారికి ఇది ఎంత అవసరమో, ఎంత ఇష్టమో ఆ కుట్లే చెబుతాయి. గాజు బీరువాలో ఉండే దొరల సెట్టుకు ఈ చరిత్ర ఉండదు. పైగా పని చేస్తున్న అతుకును విప్పడం అంటే రిస్కు. ఆవిడకు ఇదంతా ఫొటోలతో చూపించాను. “అయితే మా మామగారు కుట్టించిందన్నమాట” అని కాసేపు వెనక్కి తిప్పి చూసుకుని, ఇత్తడివి ఉంచమన్నారు.

ఇనుప కుట్టు మాత్రం పోవాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, మట్టిని లోపలి నుంచి చీలుస్తుంది. ఇప్పటికే ఆ రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు మొదలైంది.

శుభ్రత

వరుస చాలా ముఖ్యం. మొదట అల్ట్రావయొలెట్ దీపం కింద చూశాను. ఎపాక్సీ ముద్ద పాలిపోయిన నీలంగా మెరిసింది. అతుకు గీతలో ఒకచోట నారింజ మెరుపు కనిపించింది, అది పాత లక్క. అంటే కుట్లకు ముందో వెనకో ఎవరో లక్కతో అతికించే ప్రయత్నం చేశారు. ఎపాక్సీ మీద అసిటోన్‌లో తడిపిన దూదిని పరిచి, ఆవిరి పోకుండా కప్పి ఉంచితే అది ఉబ్బి మెత్తబడింది. బ్లేడును దాదాపు పడుకోబెట్టి పట్టుకుని పొరలుగా తీశాను. కింద గ్లేజు పగలకుండా ఉంది కాబట్టే ఈ పద్ధతి. లక్క ఆల్కహాల్‌కు లొంగింది.

తర్వాత ఇనుప కుట్టు. రంధ్రాల్లోని ముద్దను నీటితో నానబెట్టి, తీగ కింద పల్చని రేకు దూర్చి, కంసాలి వాడే సన్నని రంపంతో మధ్యకు కోశాను. రెండు కాళ్లనూ నిటారుగా విడివిడిగా లాగాను. వంచుతూ లాగితే రంధ్రం అంచు ఊడుతుంది. తీసిన ముక్కలను పారేయలేదు, పేరు రాసిన సంచిలో కుటుంబానికే ఇచ్చాను.

తుప్పు మరకను మిగతా అన్ని మరకల కంటే ముందు తీయాలి. ఎందుకంటే తర్వాత వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇనుము ఉన్న చోట అది విపరీతంగా విడిపోతుంది, తుప్పు మరకను కూడా ముదరబెట్టవచ్చు. అమోనియం సిట్రేట్‌ను జెల్‌గా చేసి రంధ్రం చుట్టూ కొద్దికొద్దిసేపు పెట్టి, ప్రతిసారీ కడిగి, గ్లేజు మెరుపు చూసుకుంటూ సాగాను. ఇలాంటి రసాయనాలు ఇనుమునే కాదు, గ్లేజులోని సీసాన్నీ పట్టుకుంటాయి. అందుకే రాత్రంతా వదిలేసే పని కాదు.

ఇక పసుపు, నూనె మరకలు. పరిరక్షణ పుస్తకాలన్నిట్లో ఉన్న పద్ధతి పెరాక్సైడ్‌లో కొన్ని అమోనియా చుక్కలు వేసి, దూది పట్టుగా వేయడం. ఈ పళ్లెం మీద అమోనియా వాడకూడదని రెండు కారణాలు చెబుతున్నాయి. ఒకటి, అమోనియా ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది, నీలి ద్రవం మట్టిలోకి ఇంకితే కొత్త మరక. రెండోది మన వంటింటి విషయం. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతివారికీ తెలుసు. అమోనియా కూడా క్షారమే. మరక పోయేలోపు ఎర్రబడి లోపలికి పాకే ప్రమాదం ఉంది. విదేశీ పాఠాల్లో టీ, కాఫీ మరకలుంటాయి గాని పులిహోర మరక ఉండదు. ఇది మనం మన అనుభవంలోంచి చేర్చుకోవాల్సిన పాఠం.

పసుపు రంగుకు శత్రువు ఎండ. కోబాల్టు నీలానికి, గ్లేజుకు ఎండ వల్ల ఏమీ కాదు. అయాన్లు తీసేసిన నీటిలో పళ్లెంను నానబెట్టి, తడిగుడ్డ కప్పి అంచెలంచెలుగా ఉదయపు ఎండలో పెట్టాను. ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలో పెట్టి వేడెక్కనివ్వలేదు. పచ్చదనం బాగా తగ్గింది. గోధుమ రంగు మిగిలింది, అది ముదిరిన నూనె. దానికి ముందు కొద్దిపాటి డిటర్జెంటుతో కడిగి, పళ్లెం లోపలి మట్టి అంతా నీటితో నిండి ఉండగానే అమోనియా లేని పెరాక్సైడ్ పట్టు వేశాను. పొడి మట్టి మీద వేస్తే మరకను తోసుకుంటూ లోపలికి పోతుంది. రాగి కూడా పెరాక్సైడ్‌ను విడగొడుతుంది కాబట్టి ఇత్తడి కుట్లకు రెండు వేళ్ల వెడల్పు దూరం వదిలాను. ఇంట్లో చాలామంది వాడే క్లోరిన్ బ్లీచు మాత్రం ఇలాంటి మట్టికి ఎప్పుడూ వద్దు. లోపల ఉప్పులు మిగిల్చి, ఎండినప్పుడు గ్లేజును పెచ్చులుగా లేపుతుంది. చివర్లో నీరు మారుస్తూ, నీటిలోకి వచ్చే ఉప్పులను చూపే విద్యుద్వాహకత మీటరులో సంఖ్య నిలకడపడే దాకా నానబెట్టాను.

కుట్ల చుట్టూ లేత గోధుమ నీడ మిగిలింది. కుట్లు తీసేస్తే అదీ పోయేది. కుట్లు ఉంచడానికి చెల్లించిన మూల్యం అది, నేను ఇష్టపూర్వకంగానే చెల్లించాను.

అతుకు, పూడిక

ఇనుప కుట్టు పోయిన వైపు అతుకుకు కొంచెం బలం కావాలి. మా వృత్తిలో అందరూ మొదట చేతిలోకి తీసుకునేది పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్. తిరిగి కరిగించవచ్చు, పచ్చబడదు. కాని అది మెత్తబడటం మొదలయ్యేది 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర. లండన్ మ్యూజియంలో అది సమస్య కాదు. కోస్తా మే నెలలో, ఏసీ లేని ఇంట్లో గోడ బీరువాలో అతుకు నెమ్మదిగా జారుతుంది. అందుకని 50 డిగ్రీల దాకా గట్టిగా ఉండే అదే జాతి రెసిన్ బి-48ఎన్ ఎక్కువ పాలు కలిపిన మిశ్రమాన్ని వాడాను. దాన్ని అతుకు గీత వెంట దానంతట అది ఇంకనిచ్చాను. అసలు బరువు ఎలాగూ ఇత్తడి కుట్ల మీదే ఉంది.

అంచు పెచ్చుకు రెసిన్ పొర అడ్డుపెట్టి మెత్తని ప్లాస్టర్‌తో పూడ్చాను. కావాలంటే నీటితో తీసేయవచ్చు. పక్కనున్న గ్లేజు మీద గరుకు కాగితం తగలనివ్వలేదు. రంగు విషయంలో తెల్లని మూల ఛాయ వేసి, అంచు నీలి గీతను మాత్రం కొనసాగించాను. ఊడిన చోట ఉండాల్సిన పువ్వును గీయలేదు. అరచేతి దూరంలో పూడిక కనిపిస్తుంది, భోజనాల గదికి అవతల నుంచి కనిపించదు. అలాగే ఉండాలి.

అప్పగింత

పెళ్లిలో పెట్టవచ్చని చెప్పాను, అయితే అలంకారంగా. ఆ కాలపు గ్లేజుల్లో సీసం మామూలు. గ్లేజు పగిలి ఉంది, పైగా చింతపండు పులుపు సీసాన్ని లాగుతుంది. కాబట్టి పులిహోర ఇక స్టీలు బేసిన్‌లోనే కలుపుకోవాలి. తమలపాకులు, పూలు, విడిగా చుట్టిన మిఠాయి పెట్టుకోవచ్చు. గోడకు తగిలించే స్ప్రింగు హ్యాంగర్ వద్దన్నాను, అంచును రెండు వైపులా లాగి అతుకు విప్పుతుంది. బీరువాలో ఒక్కటే, మెత్తని గుడ్డ మీద, పైన బరువు లేకుండా పెట్టాలి. నీళ్లలో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

నివేదికలో చికిత్సకు ముందు, తర్వాత ఫొటోలు, వాడిన రసాయనాల పేర్లు, వదిలేసిన మరకల పటం, ముద్ర ఫొటో జతచేశాను. ఇలాంటి వంపు, వెనక ఆంగ్ల అక్షరాల ముద్ర ఉన్న పళ్లాలు రంగూన్ వెళ్లి వచ్చిన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి కుటుంబాల్లో ఇంకా ఉండవచ్చు. ఉంటే తోమే ముందు వెనక్కి తిప్పి ముద్రను, నడుమ అరుగుదలను, కుట్లను ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో పెద్దలను అడిగి ఆ ఫొటో వెనకే రాయండి. వచ్చే వేసవి దాటాక ఈ పళ్లెం అతుకును మళ్లీ పరీక్షించాలని కుటుంబంతో అనుకున్నాము.